మనసు బాగుండటం అంటే ఏమిటి? వ్యక్తి కేంద్రిత చికిత్స గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ (1902–1987) రూపొందించిన పర్సన్ సెంటర్డ్ థెరపీని తెలుగులో వ్యక్తి కేంద్రిత చికిత్స అంటున్నారు. మందుల చీటీ, హోంవర్క్, సలహాల చిట్టా ఏవీ లేకుండా కేవలం మాట్లాడితే మనిషి ఎలా బాగుపడతాడని చాలామందికి అనుమానం. ఆ అనుమానం న్యాయమైనదే. ఈ పద్ధతి గురించి, మానసిక ఆరోగ్యాన్ని అది చూసే తీరు గురించి ఎక్కువగా వినిపించే ప్రశ్నలు, వాటికి నాకు చేతనైన జవాబులు ఇవి.

మనసు ఆరోగ్యంగా ఉందంటే ఎప్పుడూ సంతోషంగా ఉన్నట్టేనా?

కాదు. కావలసినవాళ్లు పోతే ఏడుపు వస్తుంది. అన్యాయం జరిగితే కోపం వస్తుంది. ఇంటర్వ్యూ ముందు రోజు టెన్షన్‌తో నిద్ర పట్టదు. ఇవన్నీ మనసు సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తులే. బాగా జీవించడం గురించి రాసినప్పుడు రోజర్స్ సంతోషం, తృప్తి, ఆనందం లాంటి మాటలు దానికి అంతగా అతకవని అన్నారు. అది కొన్నిసార్లు కష్టంగా ఉంటుంది, ధైర్యం అడుగుతుంది, అయినా నిండుగా, అర్థవంతంగా అనిపిస్తుంది అనేది ఆయన అభిప్రాయం.

ఆయన లెక్కలో మానసిక ఆరోగ్యానికి ఆనవాళ్లు మూడు. ఒకటి, లోపల జరిగేదాన్ని వంకర తిప్పకుండా తెలుసుకోగలగడం. అసూయ పుడితే ఇది అసూయ అని, భయం వేస్తే ఇది భయం అని తనకు తాను ఒప్పుకోగలగడం. రెండు, ప్రతి సందర్భాన్నీ పాత తీర్పులతో కొలవకుండా కొత్తగా చూడగలగడం. మూడు, ఏం చేయాలో తేల్చుకునేటప్పుడు తన అనుభవాన్ని కూడా లెక్కలోకి తీసుకునేంత నమ్మకం తన మీద ఉండటం.

ప్రమోషన్ రాని మనిషి "నాకేం బాధ లేదు" అని ఆఫీసులో నవ్వి, ఇంటికొచ్చి పిల్లల మీద అరిచాడనుకోండి. అతనికి బాధ కలగడం సమస్య కాదు. ఆ బాధ తనదని అతనికే తెలియకపోవడం సమస్య. తెలిసి ఉంటే భార్యతో చెప్పుకునేవాడు, మేనేజర్‌ని కారణం అడిగేవాడు, లేదా వేరే ఉద్యోగం చూసుకునేవాడు. తెలియదు కాబట్టి పిల్లల మార్కులు కారణంగా దొరికాయి.

ఈ ఆలోచన రోజర్స్‌కి ఎలా తట్టింది?

ఒక తల్లి వల్ల. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో రోజర్స్ పన్నెండేళ్లు పిల్లల సమస్యల మీద పనిచేశారు. అప్పుడు బాగా అల్లరి చేసే ఒక అబ్బాయి తల్లితో ఆయన వారాల తరబడి మాట్లాడారు. చిన్నప్పుడు ఆమె బిడ్డను దగ్గరికి తీసుకోకపోవడమే అసలు కారణమని ఆయనకు స్పష్టంగా కనిపించింది. ఎంత మృదువుగా, ఎన్ని రకాలుగా చెప్పినా ఆమెకు అది ఎక్కలేదు. చివరికి ఇద్దరం ప్రయత్నం చేశాం, ఫలితం లేదు, ఇక ఆపేద్దామని ఆయనే అన్నారు. ఆమె సరేనంది. చేతులు కలిపి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్లకు కూడా కౌన్సెలింగ్ చేస్తారా అని అడిగింది.

చేస్తామన్నారు. ఆమె వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చుని తన కాపురం గురించి, భర్తతో పడలేకపోవడం గురించి, తను ఎందుకూ పనికిరాలేదన్న బాధ గురించి చెప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆమె ఇచ్చిన పొడిపొడి వివరాలకూ దీనికీ పోలికే లేదు. అసలు చికిత్స అక్కడ మొదలైంది. అది తల్లికీ కొడుక్కీ ఇద్దరికీ మేలు చేసింది. ఎక్కడ నొప్పి ఉందో, ఏ దారిన వెళ్లాలో, ముందు ఏది మాట్లాడాలో వచ్చిన మనిషికే తెలుసన్న గ్రహింపు ఆయనకు ఇలాంటి అనుభవాల నుంచే కలిగింది. 1940లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాక దీన్ని ఒక పద్ధతిగా చెప్పడం మొదలుపెట్టారు. 1945 నుంచి షికాగోలో కౌన్సెలింగ్ సెంటర్ నడుపుతూ పరిశోధించారు.

మరి మనిషికి తన మనసు తనకే తెలియకుండా పోవడం ఎక్కడ మొదలవుతుంది?

ఎక్కువగా ప్రేమ ఉన్న చోటే. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించే విషయం ఇది.

పసివాడికి తిండి ఎంత అవసరమో పెద్దవాళ్ల ఆదరణ కూడా అంతే అవసరం. ఆ ఆదరణకు షరతులు ఉన్నాయని వాడు చాలా తొందరగా పసిగడతాడు. తమ్ముడు పుట్టినప్పుడు కోపం వస్తే "ఛీ, మంచి పిల్లలకి అలా కోపం రాదు" అంటారు. ఏడిస్తే "మగపిల్లాడివి, ఏడుస్తావా" అంటారు. ఎదురు ప్రశ్న వేసిన ఆడపిల్లకు "ఇంత నోరేంటి, రేపు అత్తారింట్లో ఎలా నెగ్గుకొస్తావు" అన్న మాట పడుతుంది. ర్యాంకు వచ్చిన రోజు ఇంట్లో పండగ, రాని రోజు ఎవరూ సరిగ్గా మాట్లాడరు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. అయినా పిల్లలు నేర్చుకునేది ఒకటే: నాలో కొన్ని ఉంటేనే నేను ప్రేమకు తగినవాణ్ణి, కొన్ని ఉంటే కాను.

ఆ తర్వాత ఆ షరతులను బయటివాళ్లు గుర్తు చేయక్కర్లేదు. మనమే లోపల పెట్టుకుని కాపలా కాస్తాం. కోపం వస్తే తలనొప్పి అంటాం. ఇష్టం లేని పెళ్లికి ఒప్పుకుని ఇది నా నిర్ణయమే అని నమ్ముతాం. నిజంగా కలిగే అనుభవానికీ, నేను ఇలాంటివాణ్ణి అని పెట్టుకున్న బొమ్మకూ దూరం పెరిగేకొద్దీ ఆందోళన పెరుగుతుంది.

రోజర్స్‌కి ఇది పుస్తకంలో చదివిన సంగతి కాదు. ఆయన ఇంట్లో భక్తి, క్రమశిక్షణ ఎక్కువ. మద్యం, డాన్సు, పేకాట, నాటకాలు అన్నీ నిషిద్ధం. మొదటిసారి ఒక సోడా తాగినప్పుడు ఏదో పాపం చేసినట్టు కాస్త అనిపించిందని ఆయనే తర్వాత రాసుకున్నారు. 1922లో విద్యార్థి ప్రతినిధిగా చైనా వెళ్లి నెలల తరబడి ఇంటికి దూరంగా ఉన్నప్పుడు ఆయన తన సొంత నమ్మకాలేమిటో తేల్చుకోగలిగారు.

థెరపిస్టు చేసేదేమిటి?

1957లో రాసిన ఒక వ్యాసంలో, మనిషిలో మార్పు రావడానికి ఆరు పరిస్థితులు ఉండాలని, అవి ఉంటే చాలని రోజర్స్ ప్రతిపాదించారు. ఆ రోజుల్లో అది చాలా ధైర్యమైన మాట. వాటిలో థెరపిస్టు వైపు నుంచి ఉండాల్సినవి మూడు.

మొదటిది లోపలా బయటా ఒకటిగా ఉండటం. థెరపిస్టు తెల్లకోటు వెనకో, డిగ్రీ వెనకో దాక్కోకూడదు. విసుగ్గా ఉండి శ్రద్ధ నటిస్తే క్లయింట్‌కి తెలిసిపోతుంది. రెండోది షరతులు లేని ఆదరణ: మీరు ఏడ్చినా, తిట్టినా, సిగ్గుపడే విషయం చెప్పినా మీ పట్ల గౌరవం తగ్గకపోవడం. మూడోది సహానుభూతి, అంటే మీ లోకం మీకు ఎలా కనిపిస్తోందో దాన్ని మీ వైపు నుంచే చూడటం, చూసినది సరిగ్గా ఉందో లేదో మిమ్మల్నే అడగడం.

ఈ మూడింటికీ ఆయన మరొకటి జత చేశారు: ఇవి థెరపిస్టులో ఉంటే సరిపోదు, కొంచెమైనా క్లయింట్‌కి తెలియాలి. కౌన్సెలర్ ఎంత మంచివాడైనా ఎదుటి మనిషికి "నా మాట వింటున్నాడు" అనిపించకపోతే ప్రయోజనం లేదు.

సలహా ఇవ్వకపోతే ఇక కౌన్సెలింగ్ దేనికి?

మన దగ్గర ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. డబ్బు కట్టి, సెలవు పెట్టి వచ్చినవాళ్లకు ఏం చేయాలో చెప్పకపోతే ఎలా అని.

1964లో కెమెరా ముందు రోజర్స్ ఒక మహిళతో దాదాపు అరగంట మాట్లాడారు. ఆమె విడాకులు తీసుకున్న తల్లి. విడాకుల తర్వాత ఇంకెవరితోనైనా సంబంధం ఉందా అని చిన్న కూతురు అడిగితే లేదని అబద్ధం చెప్పింది. అది ఆమెను తొలిచేస్తోంది. నిజం చెబితే పిల్ల పాడవుతుందా, చెప్పకపోతే నమ్మకం పోతుందా, మీరే చెప్పండి అని ఆమె పదేపదే అడిగింది. రోజర్స్ అవునని గానీ కాదని గానీ అనలేదు. అలాగని తప్పించుకోనూ లేదు. జవాబు చెప్పగలిగితే బాగుండునని ఒప్పుకుంటూనే, ఆమె మాటల్లోని చిక్కును ఆమెతో కలిసి చూశారు. కూతురు తనను ఒప్పుకోదేమో అన్న భయం కింద, తననే తను ఒప్పుకోలేకపోవడం ఉందని ఆమె మాటల్లోనే బయటికి వచ్చింది. చెప్పు అనో, వద్దు అనో ఒక్క మాటలో తేల్చేసి ఉంటే ఆమె అక్కడిదాకా వచ్చేది కాదు.

సలహాలకు మన చుట్టూ ఏనాడూ లోటు లేదు. మేనమామ ఇస్తాడు, పక్కింటావిడ ఇస్తుంది, యూట్యూబ్ ఇస్తుంది. అవి పనిచేసి ఉంటే ఆ మనిషి కౌన్సెలర్ దగ్గరికి వచ్చేవాడే కాదు. అయితే ఒక మాట. డాక్టర్‌ని ఎక్కడ కలవాలి, గృహహింస కేసు ఎలా పెట్టాలి లాంటి సమాచారం అడిగితే మౌనంగా కూర్చోవడం ఈ పద్ధతి కాదు. అది నిర్లక్ష్యం. సమాచారం ఇవ్వాలి. నిర్ణయం మాత్రం లాక్కోకూడదు.

షరతులు లేని ఆదరణ అంటే తప్పులను కూడా సమర్థించడమేనా?

ఆదరించేది మనిషిని. భార్యను కొట్టానని చెప్పిన మనిషికి "పర్వాలేదులే" అనడం ఆదరణ కాదు, అబద్ధం. లోపలా బయటా ఒకటిగా ఉండాలన్న మొదటి నియమానికే అది విరుద్ధం. కానీ అతన్ని పశువులా చూస్తే అతను తనను కాపాడుకునే పనిలో పడతాడు, ఆ చెయ్యి ఎందుకు లేచిందో ఎప్పటికీ చూడడు. ఉన్నవాణ్ణి ఉన్నట్టు ఒప్పుకున్నప్పుడే మారగలనని రోజర్స్ తన గురించి కూడా రాసుకున్నారు. ఆ మధ్యలో బాధితురాలి భద్రత మాత్రం ఆగదు. అది వేరే పని, వెంటనే జరగాల్సిన పని.

మనిషిని వదిలేస్తే మంచివైపే వెళ్తాడని ఎలా నమ్మాలి?

వదిలేయమని ఆయన అనలేదు. సరైన పరిస్థితులు కల్పించమన్నారు. చిన్నప్పుడు వాళ్ల ఇంటి నేలమాళిగలో చలికాలానికి బంగాళాదుంపలు నిల్వ చేసేవారు. ఎక్కడో పైన ఉన్న చిన్న కిటికీ వెలుతురు కోసం ఆ దుంపలకు పాలిపోయిన, సన్నని మొలకలు పొడుగ్గా సాగేవి. అవి ఎప్పటికీ మొక్కలు కాలేవు, అయినా సాగడం మానలేదు. ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల వెనక వార్డుల్లో ఏళ్ల తరబడి మగ్గిన మనుషులను చూసినప్పుడు తనకు ఆ మొలకలు గుర్తొచ్చేవని రోజర్స్ రాశారు. వాళ్ల ప్రవర్తన బయటివాళ్లకు వింతగా ఉండొచ్చు, కానీ ఉన్న పరిస్థితుల్లో బతకడానికి వాళ్లు చేస్తున్న ప్రయత్నం అదేనని.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. మనిషిలోని చెడును రోజర్స్ తక్కువగా లెక్కగట్టారని ఆయన కాలంలోనే విమర్శించారు. ఆ విమర్శలో కొంత బలం ఉందనే నా అభిప్రాయం. కానీ ఎదురుగా కూర్చున్న మనిషిని మొదటి నుంచీ అనుమానంతో చూసి ఎవరూ ఎవరినీ బాగుచేయలేదన్నదీ నిజమే.

ఇది పనిచేస్తుందనడానికి రుజువులున్నాయా?

ఉన్నాయి, పరిమితులతో సహా. థెరపీ గదిలో జరిగేదాన్ని రికార్డు చేసి పరిశోధించడంలో ముందు నడిచినవాళ్లలో రోజర్స్ ఒకరు. 1942లో ఒక క్లయింట్‌తో జరిగిన సెషన్లన్నిటినీ మాట పొల్లుపోకుండా అచ్చువేశారు. అంతవరకు ఆ గదిలో ఏం జరిగేదో చికిత్స చేసినవాళ్లు చెబితేనే తెలిసేది.

షికాగోలో జరిగిన అధ్యయనం 1954లో వెలువడింది. "నేను కష్టపడి పనిచేస్తాను" తరహా వాక్యాలున్న 100 కార్డులను క్లయింట్లు రెండుసార్లు పేర్చేవారు, నేను ఎలా ఉన్నానని ఒకసారి, ఎలా ఉండాలనుకుంటున్నానని ఒకసారి. చికిత్సకు ముందు ఆ రెండింటి మధ్య సంబంధం దాదాపు సున్నా. చికిత్స తర్వాత సగటున 0.34కి చేరింది (రెండూ పూర్తిగా కలిస్తే 1). నేను ఇలా ఉండాలి అనుకునే మనిషికీ ఉన్న మనిషికీ మధ్య దూరం తగ్గిందన్నమాట.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం లాంటి లక్షణాలుండే తీవ్రమైన మానసిక వ్యాధి)తో ఉన్నవాళ్ల మీద చేసిన ప్రయత్నం మాత్రం ఆశించినంత ఫలితం ఇవ్వలేదు. ఈ మధ్య ఇంగ్లండ్‌లో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 510 మందితో ఒక పెద్ద పరీక్ష జరిగింది, ఫలితాలు 2021లో వచ్చాయి. ఆరు నెలల దగ్గర ఈ కుటుంబానికి చెందిన చికిత్స సీబీటీకి (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మరో థెరపీ) తీసిపోలేదు. ఏడాది దగ్గర సీబీటీ వైపు కొంత మొగ్గు కనిపించింది. దీన్ని బట్టి నేను చెప్పేదేమిటంటే, డిప్రెషన్‌కి ఇది గట్టి మార్గాల్లో ఒకటి, కానీ ప్రతి మనిషికీ ప్రతి దశలోనూ ఇదే మేలైనదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇది మనిషిని స్వార్థపరుణ్ణి చేయదా? మన ఉమ్మడి బతుకులకు సరిపోతుందా?

తన మనసు తనకు తెలిసిన మనిషి అమ్మానాన్నలను వదిలేసి పోతాడని భయం. జరిగేది చాలాసార్లు దీనికి భిన్నంగా ఉంటుంది. "అన్నీ నేనే చేయాలి, నోరెత్తకూడదు" అనుకుని ఇరవై ఏళ్లు చాకిరీ చేసిన కోడలు లోపల పేరుకున్న కోపంతో అందరికీ దూరమవుతుంది. "నాకు అలిసిపోయినట్టుంది అత్తయ్యా, ఈ పూట నా వల్ల కాదు" అని చెప్పగలిగిన కోడలు అత్తగారితో కూర్చుని టీ తాగగలుగుతుంది.

అయినా ఈ ప్రశ్నలో నిజం ఉంది. రోజర్స్ పుట్టిపెరిగిన అమెరికాలో ఒంటరిగా నిర్ణయం తీసుకోవడం గొప్ప. ఇక్కడ చాలామందికి కుటుంబం తమలో భాగం. ఇంట్లో అందరినీ కాదనుకోలేను, నా ఇష్టాన్నీ చంపుకోలేను అని ఒక అమ్మాయి అంటే, ఆ రెండూ నిజమని వినగలిగినవాళ్లే మంచి కౌన్సెలర్లు. ఆమెను స్వేచ్ఛ వైపు తోయడం కూడా ఇంకో షరతు పెట్టడమే.

ఎన్ని సెషన్లు పడతాయి?

సాధారణంగా వారానికి ఒకసారి, 50 నిమిషాల నుంచి గంట. కొందరికి పది లోపు చాలు, కొందరికి ఏడాది పైన పడుతుంది. ఎప్పుడు ఆపాలో మీరూ థెరపిస్టూ కలిసి తేల్చుకుంటారు.

ఏ పరిస్థితుల్లో ఇది ఒక్కటే సరిపోదు?

చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే, లేని గొంతులు వినిపిస్తుంటే, రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారుగా ఉంటే, తిండి మానేస్తే, మద్యం మానగానే వణుకు, ఫిట్స్ వస్తుంటే ముందు సైకియాట్రిస్టును కలవాలి. మందులు వాడుతూ కూడా ఈ థెరపీ తీసుకోవచ్చు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416. రోజంతా, ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు. ప్రాణాపాయం ఉంటే 112. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు సినిమాల్లో నవ్వులాటకు వాడి వాడి జనం అక్కడికి వెళ్లడానికే సిగ్గుపడేలా చేశారు. ఆ సిగ్గు వల్ల ఆలస్యమైన చికిత్సలు ఎన్నో. వెళ్లండి.

మంచి కౌన్సెలర్‌ని గుర్తుపట్టేది ఎలా?

క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందో లేదో అడగండి. కౌన్సెలర్ అయితే ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు అని అడగండి. అడిగినందుకు చిరాకు పడితే అదే మీకు జవాబు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకోవడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు.

రెండు మూడు సెషన్లయ్యాక మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి: ఇక్కడ చెప్పకూడదు అనుకున్నది చెప్పగలుగుతున్నానా? మెప్పించడానికి మాట్లాడుతున్నానా? కులం గురించో, పెళ్లి కాకపోవడం గురించో తీర్పు వినబడితే వేరేవాళ్లను చూసుకోండి. సెషన్ నిండా కౌన్సెలర్ తన గొప్పలు చెప్పుకున్నా అంతే.

థెరపీకి వెళ్లకుండా ఇంట్లో ఏమైనా చేయొచ్చా?

రోజర్స్ 1951లో సూచించిన చిన్న పద్ధతి ఒకటి ఉంది. వాదన ముదిరినప్పుడు ఒక నియమం పెట్టుకోండి: అవతలివాళ్లు చెప్పినది, వాళ్ల భావంతో సహా, వాళ్లు "అవును, నేనన్నది అదే" అనేదాకా తిరిగి చెప్పాకే మీ మాట మొదలుపెట్టాలి. చదవడానికి సులువుగా ఉంటుంది. ఇంటర్ పిల్లాడితో ఒకసారి చేసి చూడండి.

"నాకు ఎంపీసీ వద్దు నాన్నా" అంటే వెంటనే భవిష్యత్తు గురించి పాఠం మొదలవుతుంది. బదులుగా "రోజంతా అర్థం కాని క్లాసులో కూర్చోవడం నీకు నరకంగా ఉంది, నాకు చెబితే తిడతానని ఇన్నాళ్లూ దాచావు, అంతేనా?" అని ఆగి చూడండి. వాడు అవునంటే, ఆ తర్వాత మాట్లాడేది ఇద్దరు మనుషులు. కాదంటే ఇంకా మంచిది, తప్పుగా అర్థం చేసుకున్నది ఇప్పుడు సరిచేస్తాడు. మీరు ఒప్పుకోవాలని రూలు లేదు. ఫీజు కట్టేశారు, సీటు పోతుంది, మీ భయం మీకు ఉంది. మీ వంతు వచ్చాక అది కూడా తిట్టులా కాకుండా భయంలానే చెప్పండి.

మొదటి సెషన్‌లో ఏం చెప్పాలో తెలియకపోతే?

"ఏం చెప్పాలో తెలియట్లేదు" అనే చెప్పండి. చాలామంది అలానే మొదలుపెడతారు. వరుసక్రమం అక్కర్లేదు, చిన్నప్పటి నుంచి చెప్పక్కర్లేదు, ఏడుపు వస్తే క్షమించమని అడగక్కర్లేదు. మౌనంగా కూర్చోవాలనిపిస్తే కూర్చోవచ్చు. ఇంగ్లీషులో మాట్లాడాలన్న మొహమాటం అసలే వద్దు. మీరు ఇంట్లో తిట్టుకునే, ఏడ్చుకునే భాష ఏదైతే అందులోనే మాట్లాడగలిగే కౌన్సెలర్‌ని ఫోన్ చేసినప్పుడే అడిగి చూసుకోండి.